ఐడియా ఇరుక్కుపోతే ఏ దారి పట్టాలి? ఇంటరాక్టివ్ డిజైన్ చేసేవాళ్ళకి కొన్ని వింత పద్ధతుల పోలిక

గోడ నిండా స్టిక్కీ నోట్లు అంటిస్తాం. రెండు రౌండ్లు టీ అవుతుంది. చివరికి తేలేది మళ్ళీ అదే హోమ్ స్క్రీను, కింద అవే నాలుగు ఐకాన్లు, మూలన అదే ప్లస్ గుర్తు. విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీది కంపెనీలోనైనా, సిరిపురంలో ఫ్లాటు అద్దెకి తీసుకుని నడుపుతున్న స్టార్టప్‌లోనైనా డిజైనర్లకి ఇది కొత్త కాదు. అలాంటప్పుడు క్రియేటివిటీ పెంచే పద్ధతుల కోసం వెతికితే బోలెడు దొరుకుతాయి, అన్నీ గొప్పవే అంటారు. ఏది ఎప్పుడు పనికొస్తుంది, ఏది పూటంతా తినేసి చేతిలో ఏమీ పెట్టదు అన్నది మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు.

పోలిక న్యాయంగా ఉండాలంటే అన్నిటికీ పరీక్ష ఒకటే ఉండాలి. అందుకని ఒక పని ఎంచుకున్నాను. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారగట్ల వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మే ఆడవాళ్ళున్నారు. వాడుక ఇళ్ళకి అరువిస్తారు. ఎవరు ఎంత బాకీ అన్నది బుర్రలోనే ఉంటుంది. ఆ లెక్క పెట్టుకోడానికి ఫోన్‌లో ఒక చిన్న యాప్ కావాలి అనుకుందాం. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ పని మీదే పెట్టి చూద్దాం.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఇంటరాక్టివ్ వస్తువు అంటే ఒక వ్యవహారం. మనిషి ఏదో చేస్తాడు, వస్తువు ఏదో బదులిస్తుంది, దాన్ని బట్టి మనిషి ఇంకోటి చేస్తాడు. ఇదంతా కాలంలో నడుస్తుంది. స్టిక్కీ నోటు మీద రాసిన ఐడియాలో ఆ కాలం ఉండదు, ‘వాయిస్ ఎంట్రీ’ అని రెండు ముక్కలుంటాయంతే. అందుకే ఒంటితో చేసి చూసే పద్ధతులకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. మిగతావాటికీ చోటుంది, కానీ వాటి చోటు వేరు.

నోరు మూసుకుని రాయడం

ముందు మామూలు బ్రెయిన్‌స్టార్మింగ్ సంగతి. దీన్ని ప్రచారంలోకి తెచ్చినాయన అలెక్స్ ఆస్బర్న్, అమెరికాలో అడ్వర్టైజింగ్ కంపెనీ మనిషి. అందరూ కలిసి కూర్చుని, ఎవర్నీ విమర్శించకుండా తోచింది చెప్పుకుంటూ పోతే ఐడియాలు ఎక్కువ పుడతాయన్నది ఆయన మాట. 1958లో యేల్ యూనివర్సిటీలో దీన్ని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చున్న గుంపుకన్నా, విడివిడిగా కూర్చోబెట్టిన నలుగురి ఐడియాలు కలిపి చూస్తేనే ఎక్కువ తేలాయి. ఎందుకలా అన్నదానికి 1987లో డీల్, ష్ట్రోబ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిన ముఖ్య కారణం చాలా మామూలుది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. ఆగేసరికి తోచింది కాస్తా జారిపోతుంది.

మన ఆఫీసుల్లో దీనికి ఇంకో కారణం కలుస్తుంది. గదిలో ‘సార్’ ఉంటాడు. సార్ మొదటి ఐడియా చెప్పగానే జూనియర్లందరి ఐడియాలూ దాని చుట్టూనే తిరుగుతాయి. నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి బుర్రలో ఉన్నది ఆమె బుర్రలోనే ఉండిపోతుంది.

దీనికి మందు 6-3-5 పద్ధతి. 1960ల చివర్లో జర్మనీకి చెందిన బెర్న్ట్ రోర్‌బాఖ్ చెప్పినది. ఆరుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు ఐదు నిమిషాల్లో మూడు ఐడియాలు కాగితం మీద రాసి, పక్కవాళ్ళకి ఇస్తారు. పక్కవాళ్ళు అది చదివి, దాని మీద ఇంకో మూడు రాస్తారు. అరగంటలో కాగితాలు చుట్టూ తిరిగొచ్చేసరికి 108 ఐడియాలు. ఎవరూ నోరెత్తరు. ఎవరిది ఏదో తెలీదు కాబట్టి సార్ ఐడియాకి కిరీటమూ ఉండదు.

చేపల యాప్ మీద పెడితే ఏమొస్తాయి? చేపల బొమ్మలతో మెనూ, వారం చివర బాకీల రిమైండర్, యూపీఐ లింకు, పెద్దక్షరాలు. తప్పులేదు, కానీ ఇవన్నీ ఆఫీసులో కూర్చుని ఊహించగలిగినవే. 6-3-5 వల్ల లాభం ఏమిటంటే, టీమ్‌లో అందరి బుర్రల్లో ఉన్నదీ బల్ల మీదకి వస్తుంది. ఎవరి బుర్రలోనూ లేనిది అక్కడినుంచి రాదు. టీమ్‌లో హోదాల తేడా ఎక్కువగా ఉంటే మాత్రం మొదట చేయాల్సింది ఇదే.

ఒంటితో ఆడి చూడటం

దీన్ని బాడీస్టార్మింగ్ అంటారు. 1994లో ఇంటర్వల్ రీసెర్చ్ అనే అమెరికా పరిశోధనా సంస్థ డిజైనర్లు ఈ తరహా పని గురించి రాశాక డిజైన్ లోకంలో పేరొచ్చింది. వస్తువు ఇంకా లేకపోయినా, ఉన్నట్టే నటిస్తూ, దాన్ని వాడే పరిస్థితి మొత్తం ఆడి చూస్తారు. అసలు చోటులోనే ఆడితే మరీ మంచిది.

మన పనికి ఇలా చేయొచ్చు. పెద్ద స్టీలు బేసిన్‌లో వాటర్ బాటిళ్ళు నింపి ఒకరి నెత్తిన పెట్టండి. అది గంప. ఒకరు గేటు దగ్గర బేరమాడే ఇల్లాలు. ఇంకొకరు ఫోన్. అవును, ఫోన్ పాత్ర ఒక మనిషే వేయాలి. యాప్ ఏం అడుగుతుందో అదే పైకి అడగాలి, జవాబు రాకపోతే ముందుకి కదలకూడదు. దాదాపు ఇలా నడుస్తుంది:

“కస్టమర్ పేరు చెప్పండి.”

“మేడ మీద టీచరమ్మ.”

“ఆ పేరుతో ఎవరూ లేరు. ఫోన్ నంబరు చెప్పండి.”

“నంబరు నాకేం తెలుసు? గేటు కాడ నల్లకుక్క ఉంటుంది, ఆ ఇల్లు.”

“చేప రకం ఎంచుకోండి.”

“ఎంచుకోడానికి చెయ్యేదీ? ఒకటి గంప మీదుంది, ఒకటి కాటా మీదుంది!”

ఈ ఆరు ముక్కల్లో గోడ నిండా నోట్లలో లేనివి మూడు బయటపడ్డాయి. మొదటిది, ఆమెకి కస్టమర్లు పేర్లతోనో నంబర్లతోనో గుర్తుండరు, ఇళ్ళతో గుర్తుంటారు. అంటే ఖాతా పుస్తకంలో పేరుకి బదులు గేటు ఫొటో ఉండాలి. రెండోది, అమ్మేటప్పుడు చెయ్యి ఖాళీ లేదు. లెక్క రాసే సమయం అమ్మే సమయం కాదు, గంప దించుకుని ఊపిరి తీసుకునే సమయం. కాబట్టి యాప్ అమ్మకం మధ్యలో దూరకుండా, తర్వాత నాలుగైదు ఇళ్ళ లెక్క ఒకేసారి ఎక్కించుకునేలా ఉండాలి. మూడోది, చేప రకం ఆమెకి అక్కర్లేదు. అది మనకి డేటా కావాలన్న యావ. ఆమెకి కావాల్సింది ఇల్లు, రూపాయలు, ఇచ్చారా లేదా.

ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేల్చే పద్ధతి నాకింకోటి తెలీదు. గంటన్నర, ముగ్గురు మనుషులు, వంటింట్లోంచి తెచ్చిన ఒక బేసిన్, అంతే.

దీంతో రెండు ఇబ్బందులు. ఒకటి సిగ్గు. మనవాళ్ళు కాలేజీ ఫంక్షన్‌లో స్టేజీ ఎక్కి డాన్సు చేస్తారు గానీ, మీటింగ్ రూములో మేనేజర్ ముందు గంపెత్తుకోమంటే బిగుసుకుపోతారు. మేనేజరే ముందు గంపెత్తుకుంటే ఆ గొడవ సగం తీరుతుంది. రెండోది ఇంకా పెద్దది. హార్బర్ మొహం చూడనివాళ్ళు చేపలామె పాత్ర వేస్తే అది వెటకారం అవుతుంది. సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాసని కామెడీకి వాడీ వాడీ అలవాటు చేశారు కదా, గదిలో ఎవరో ఒకరు అదే గొంతు ఎత్తుకుంటారు, అందరూ నవ్వుతారు, అక్కడితో పని పాడవుతుంది. యాస అనుకరించొద్దని ముందే చెప్పండి. అంతకన్నా ముందు ఒక పూట హార్బర్‌కి వెళ్ళి రండి. చూడనిది ఆడితే మన ఊహే మనకి తిరిగొస్తుంది.

పనిచేయని వస్తువు జేబులో పెట్టుకుని తిరగడం

పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్ 1996లో వచ్చింది. దాన్ని తయారుచేసిన జెఫ్ హాకిన్స్, అసలు వస్తువు తయారవకముందే ఆ సైజులో ఒక చెక్కముక్క కోసుకుని చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. ఎవరైనా ‘ఫలానా రోజు ఖాళీయేనా’ అంటే ఆ చెక్క తీసి చూసుకుంటున్నట్టు నటించేవాడు. ఏ పని మాటిమాటికీ కావాల్సొస్తుందో, జేబులో ఏ సైజు ఇముడుతుందో అలా తేల్చుకున్నాడు.

ఒంటరిగా పనిచేసేవాళ్ళకి దీన్ని మించింది లేదు, ఎందుకంటే టీమ్ అక్కర్లేదు, టైమూ విడిగా కేటాయించక్కర్లేదు. మన చేపల యాప్ మామూలు ఫోన్‌లోనే నడుస్తుంది కాబట్టి ఇక్కడ చెక్కముక్క బదులు స్విచాఫ్ చేసిన ఫోన్ చాలు. దాన్ని ఆమె పెట్టుకునే చోటే పెట్టి చూడండి. పాలిథిన్ కవర్లో చుట్టి, నడుం దగ్గర దోపి. బయటికి తీయడానికి, కవర్ విప్పడానికి, మళ్ళీ చుట్టడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే మీ మూడు స్క్రీన్ల ఫ్లో మీద మీకే చిరాకు పుడుతుంది.

తడి సంగతి ఇక్కడే తెలుస్తుంది. ఇప్పటి ఫోన్ల స్క్రీన్లు వేలి నొక్కుడుని కాదు, వేలు తగిలినప్పుడు విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పుని పసిగడతాయి. నీళ్ళు కూడా ఆ మార్పు తెస్తాయి, ఉప్పునీళ్ళయితే ఇంకా ఎక్కువ. అందుకే తడి చేతికి స్క్రీను ఒకచోట నొక్కితే ఇంకోచోట స్పందిస్తుంది. పక్కనున్న వాల్యూమ్ బటన్‌కి ఆ బాధ లేదు. దాన్ని నొక్కి పట్టుకుంటే మాట రికార్డయ్యేలా చేస్తే? ఇలాంటి ఐడియా ఏసీ గదిలో పొడి చేతులతో కూర్చున్నవాడికి రావడం కష్టం.

నాబ్‌లు, తిప్పే మీటలు, పిల్లల ఆటవస్తువులు, మ్యూజియంలో ముట్టుకునే బొమ్మలు చేసేవాళ్ళకి విశాఖలో ఒక సౌకర్యం ఉంది. ఏటికొప్పాక అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంకుడు కర్రని తరిణి (లేత్) మీద తిప్పి, లక్క రంగులేసి బొమ్మలు చేస్తారక్కడ. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుండ్రంగా ఉండే ఏ ఆకారమైనా అక్కడ చెప్పి చేయించుకోవచ్చు. చేతిలో పట్టుకుంటే త్రీడీ ప్రింటర్ ప్లాస్టిక్‌కీ దానికీ పోలికే లేదు. పలకలా ఉండే వస్తువైతే మాత్రం తరిణితో కుదరదు, ఏ వడ్రంగి కొట్లోనో ప్లైవుడ్ ముక్క కోయించుకోండి.

తెర వెనక మనిషి

1980ల మొదట్లో ఐబీఎమ్‌లో ఒక ప్రయోగం చేశారు. మాట్లాడితే టైపు చేసే యంత్రం వస్తే జనం ఎలా వాడతారో చూడాలి. యంత్రమేమో లేదు. అందుకని పక్క గదిలో ఒక టైపిస్టుని కూర్చోబెట్టారు. మనిషి ఇక్కడ మైకులో మాట్లాడితే ఆమె అక్కడ టైపు చేస్తుంది, అక్షరాలు ఇక్కడి స్క్రీను మీద వస్తాయి.

ఇప్పుడు దీనికి ఐబీఎమ్ అక్కర్లేదు, వాట్సాప్ చాలు. ఒక నంబరు పెట్టి, ‘అమ్మా, ఇంటికెళ్ళాక ఈ రోజు ఎవరెంత ఇవ్వాలో దీనికి వాయిస్ మెసేజ్ పెట్టు’ అని ఇద్దరు ముగ్గురికి చెప్పండి. ఆఫీసులో ఒకరు విని, పట్టీ రాసి, సాయంత్రం మొత్తం ఎంతైందో గొంతుతోనే తిరిగి చెప్పాలి. వారం నడిపితే చాలు. ఒక్క లైను కోడ్ రాయకుండా, వాళ్ళు ఏ వరసలో చెబుతారు, ఏది మర్చిపోతారు, తిరిగి ఏం అడుగుతారు అన్నది మీ చేతికొస్తుంది. తిరిగి అడిగే ప్రశ్నలే అసలు సరుకు. ‘ఆవిడ పోయిన నెలది కూడా ఇవ్వలేదు కదా, అదీ కలిపావా బాబూ’ అన్న ఒక్క ప్రశ్నతో మీ యాప్‌లో ఏ స్క్రీన్ ముందు రావాలో తేలిపోతుంది.

ఈ పద్ధతి ఐడియా పుట్టిస్తుంది, దాన్ని పరీక్షిస్తుంది కూడా. అందుకే ఖరీదు ఎక్కువ. డబ్బు కాదు, ఓపిక. వారం రోజులు ఒక మనిషి వేరే పని పెట్టుకోకూడదు. ఇంకో సంగతి. అవతల వినేది మనిషి అని వాళ్ళకి చెప్పే తీరాలి. ఎవరింటికి ఎంత బాకీ అన్నది ఊరికే చెప్పుకునే విషయం కాదు. ల్యాబులో తెర వెనక గుట్టు నడుస్తుందేమో గానీ, బతుకుదెరువు లెక్కల్లో నడవదు. చెబితే ప్రవర్తన మారిపోతుందని కొందరు అంటారు. కొంచెం మారుతుంది, మారనివ్వండి.

కావాలని ఇబ్బంది పెట్టుకోవడం

అమెరికాలో 1990లో వచ్చిన ఆక్సో గుడ్‌గ్రిప్స్ వంటింటి సామాను కథ డిజైన్ విద్యార్థులందరికీ తెలిసిందే. ఆ కంపెనీ పెట్టిన శామ్ ఫార్బర్ భార్యకి కీళ్ళనొప్పులు. మామూలు తొక్క తీసే పీలర్ పట్టుకోలేకపోతోంది. ఆమె చేతికి సరిపోయేలా లావుపాటి రబ్బరు పిడి పెడితే, అది అందరికీ నచ్చింది.

ఇబ్బంది ఉన్న మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టడం ఒక దారి. ఆ ఇబ్బందిని కాసేపు మనమే తెచ్చిపెట్టుకోవడం ఇంకో దారి, అరగంటలో అయిపోతుంది. ఐసు నీళ్ళలో చెయ్యి ముంచి తీసి వెంటనే యాప్ వాడండి. మధ్యాహ్నం పన్నెండింటికి ఆర్కే బీచ్‌లో నీడ లేని చోట నిలబడి స్క్రీన్ చదవండి. లేతబూడిద రంగు అక్షరాలు పెట్టిన డిజైనర్‌ని తిట్టుకుంటారు, అది మీరే అయినా సరే. ఎడమ బొటనవేలు ఒక్కటే వాడండి. అక్షరాలన్నీ మీకు రాని లిపిలోకి మార్చి, బొమ్మల్ని బట్టే దారి కనుక్కోండి. అది చదువురాని మనిషి రోజూ పడే పాటు.

వీటన్నిటికంటే గట్టిది, స్క్రీనే లేదనుకోవడం. మన వీధుల్లో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. కొబ్బరిబోండాల బండి దగ్గర్నుంచి బట్టల కొట్టు దాకా, డబ్బు పడగానే ‘ఇన్ని రూపాయలు వచ్చాయి’ అని అరిచే సౌండ్‌బాక్స్. మురీ మిక్చర్ కలుపుతున్నవాడు చెయ్యి ఆపడు, ఫోన్ తీయడు, మెసేజ్ చదవడు. వినిపిస్తే చాలు. స్క్రీనుని తీసేస్తేనే పుట్టే డిజైన్ అది.

జాగ్రత్త ఒకటే. కళ్ళకి గంతలు కట్టుకున్న పావుగంటలో చూపులేనివాళ్ళ అనుభవం తెలిసిపోయిందనుకోకండి. వాళ్ళకి ఏళ్ళ తరబడి వచ్చిన నేర్పు ఉంటుంది, మనకి తడుములాట ఒక్కటే ఉంటుంది. ఐడియాకి ఇది చాలు. తీర్పుకి వాళ్ళనే పిలవాలి.

తక్కువ ఆశతో వాడాల్సినవి

చెత్త ఐడియాల పోటీ. ఈ యాప్‌ని వీలైనంత ఘోరంగా ఎలా చేయాలి అని అడిగితే గది ఒక్కసారిగా లేస్తుంది. ప్రతి చేపకీ ఓటీపీ, పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం, బాకీ ఉన్న ఇంటి పేరు వీధంతా వినపడేలా చదవడం. నవ్వు తగ్గాక ఒక్కోదాన్ని తిరగేసి చూడాలి. చివరి దాన్ని తిరగేస్తే, బాకీ సంగతి ఇంటావిడకి తప్ప ఇంకెవరికీ తెలియకుండా ఎలా గుర్తుచేయాలి అన్న మంచి ప్రశ్న పుడుతుంది. సిగ్గు పోగొట్టడానికి పావుగంట సేపు మొదట్లో పెట్టుకోండి. దీన్నుంచి అంతకుమించి ఆశించొద్దు.

కార్డులు, యాదృచ్ఛిక పదాలు. సంగీతకారుడు బ్రయన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ 1975లో విడుదల చేసిన కార్డుల కట్ట దీనికి పెద్దన్న. పని ఆగిపోయినప్పుడు ఒక కార్డు తీసి, అందులో ఉన్న వింత సూచనని పాటించాలి. స్టూడియోలో పాట మీద పనిచేసేవాళ్ళకి బాగా సాయపడిన విషయమే. మన పనికి అంత కుదరదని నా అభిప్రాయం. జగదాంబ సెంటర్లో బస్సు కిటికీలోంచి కనిపించిన మొదటి బోర్డు ‘తాకట్టు’ అనుకోండి. తాకట్టు చీటీలాగా ఇద్దరి దగ్గరా ఒకే గుర్తు ఉండాలి అన్నదాకా లాక్కురావచ్చు. వస్తే వచ్చింది, లేకపోతే లేదు. పేరు, రంగులు, ధ్వనుల వంటి వాటికి మాత్రం బాగానే ఉంటుంది, ఒక్కరే కూర్చున్నప్పుడు మరీను.

నడక. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒపెజో, ష్వార్ట్జ్ చేసిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికన్నా నడుస్తున్నప్పుడు మామూలు వస్తువులకి కొత్త ఉపయోగాలు ఊహించడం బాగా పెరిగింది. ఒకే సరైన జవాబు వెతికే పనిలో మాత్రం నడక సాయపడలేదు, కాస్త తగ్గింది కూడా. అంటే ఐడియాలు పోగేయడానికి నడవండి, ఏరడానికి కూర్చోండి. ఇందులో విశాఖ వాళ్ళకి మింగుడుపడని సంగతొకటుంది. ఖాళీ గోడకి ఎదురుగా పెట్టిన ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఆ లాభం కనిపించింది. మహిమ కాళ్ళదే గానీ మన సముద్రానిది కాదన్నమాట. అయినా బీచ్ రోడ్డుకే వెళ్ళండి, ఎవరొద్దన్నారు. తెల్లవారుజామునే వెళ్ళండి, ఎండెక్కాక ఆ ఉక్కలో ఐడియాలు కాదు, చెమటే వస్తుంది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పెట్టుకోండి.

ఏఐని అడగడం

ఇప్పుడు అందరూ మొదట చేసేది ఇదే కాబట్టి విడిగా చెప్పాలి. 2024లో డోషి, హౌసర్ అనే పరిశోధకులు చిన్న కథల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. ఏఐ ఐడియాలు తీసుకున్న రచయితల కథలు విడివిడిగా చూస్తే మెరుగ్గా ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. మన పనిలోనూ అంతే. ‘చేపలు అమ్మేవారికి ఖాతా యాప్’ అని అడిగితే ఒక్క క్షణంలో శుభ్రమైన పట్టిక వస్తుంది. పక్క కంపెనీవాడికీ అదే పట్టిక వస్తుంది.

దీనికంటే పాత హెచ్చరిక ఒకటుంది. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు, డిజైన్ ఇంజనీర్లకి ముందుగా ఒక నమూనా చూపించి పని చెప్పారు. వాళ్ళు ఆ నమూనాలోని లోపాలతో సహా తమ డిజైన్లలోకి తెచ్చుకున్నారు, ఆ లోపాలు వద్దని చెప్పినా కూడా. నమూనా బొమ్మల కోసం పింట్రెస్ట్ సైటు తెరిచి పని మొదలుపెట్టేవాళ్ళందరూ ఇది ఒకసారి తలుచుకోవాలి. అందుకని ఏఐని రెండో వరసలో పెట్టండి. మీ ఐడియాలు మీ దగ్గర పడ్డాక, ‘ఇందులో నేను చూడనిది ఏది, ఇది ఎక్కడ విరుగుతుంది’ అని అడగడానికి అది చక్కగా పనికొస్తుంది. చెత్త ఐడియాలు ఇమ్మన్నా ఉత్సాహంగా ఇస్తుంది. ఐసు నీళ్ళలో చెయ్యి ముంచడం మాత్రం దాని వల్ల కాదు.

మీకు ఏది?

ఒక్కరే పనిచేసే ఫ్రీలాన్సర్ అయితే డమ్మీ వస్తువు, ఇబ్బంది పెట్టుకోవడం, నడక. ఈ మూడింటికీ ఎవర్నీ బతిమాలక్కర్లేదు. బాడీస్టార్మింగ్‌కి ఇంట్లోవాళ్ళని పట్టుకోవచ్చు. ఫోన్ పాత్ర అమ్మకి ఇస్తే మొహమాటం లేకుండా ‘నాకర్థం కాలేదు, మళ్ళీ చెప్పు’ అంటుంది, నిజం యాప్ కూడా అదే అంటుంది.

ఇద్దరు ముగ్గురున్న స్టార్టప్ అయితే నేరుగా తెర వెనక మనిషి పద్ధతికే వెళ్ళండి. మీ దగ్గర డబ్బు తక్కువ, తప్పు దారిలో మూడు నెలలు కోడ్ రాయడం మీరు భరించలేరు. వాయిస్ మెసేజ్‌లు వినే వారం మీకు దండగ కాదు.

పదిమంది దాటిన టీమ్, అందులో సార్లు, క్లయింటు కూడా ఉంటే, అడుగడుగునా హోదాలే అడ్డం వస్తాయి. పావుగంట చెత్త ఐడియాలు, అరగంట మౌనంగా రాయడం, ఆ తర్వాతే గంప నెత్తికెత్తడం. ఈ వరస తిప్పేస్తే మొదటి గంట మొహమాటంలోనే పోతుంది. క్లయింటుకి బేరమాడే ఇల్లాలి పాత్ర ఇవ్వండి. ఎలాగూ మనతో రోజూ చేసేది అదే.

ఆంధ్రా యూనివర్సిటీలోనో, గీతంలోనో ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులైతే, మీకున్నంత తీరిక పైన చెప్పినవాళ్ళెవరికీ లేదు. హార్బర్‌కో, పూర్ణా మార్కెట్‌కో, ఆర్టీసీ కాంప్లెక్స్‌కో వెళ్ళి, అక్కడే నిలబడి ఆడి చూడండి. మార్కులకి రిపోర్టులో పద్ధతి పేరు రాయాల్సొస్తే పైనున్న పేర్లు ఎలాగూ ఉన్నాయి.

చేతిలో అరపూటే ఉంటే ఒక్కటే చేయండి, బాడీస్టార్మింగ్. వారం ఉంటే రెండు రోజులు అసలు చోటులో తిరగడం, ఒక పూట ఆడి చూడటం, మిగతా రోజులు తెర వెనక మనిషి. ఏది చేసినా ఎవరో ఒకరు వీడియో తీయాలి. ఆడుతున్నప్పుడు నోటికొచ్చిన మాటలు అరగంట తర్వాత ఎవరికీ గుర్తుండవు, ఆ ‘నల్లకుక్క గేటు’ లాంటివే మనకి కావాల్సింది.

హార్బర్‌కి వెళ్ళేవాళ్ళకి ఒకటి రెండు సంగతులు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ పాట జోరు కనిపించదు. కానీ వలలు బాగుచేసుకుంటూ, పడవలకి మరమ్మతులు చేసుకుంటూ జనం అక్కడే ఉంటారు, మాట్లాడటానికి తీరికగా ఉంటారు. కాబట్టి కబుర్లకి నిషేధం రోజులు, పని జరుగుతుండగా చూడటానికి జూన్ 15 తర్వాత. పాట నడుస్తున్నప్పుడు మధ్యలో దూరి ప్రశ్నలు వేయకండి, అది వాళ్ళ ఆ రోజు సంపాదన. ఫొటో తీసేముందు అడగండి. గంట సేపు కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఆ గంటకి డబ్బివ్వండి. ఆఫీసు ఖర్చుల్లో దానికి ముందే ఒక పద్దు రాసుకుని వెళ్తే అక్కడ జేబులు తడుముకోక్కర్లేదు.